పాప పుట్టాక గెలిచిన హంపి

కోనేరు హంపి పేరెత్తితే మన ఇళ్లలో చెప్పుకునే కథ ఒకటే. గుడివాడలో పుట్టిన అమ్మాయి, కూతురి ఆట కోసం కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం మానేసి తానే కోచ్‌గా మారిన నాన్న అశోక్ గారు, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ టైటిల్. పిల్లల్ని చెస్ క్లాసులో చేర్పించేటప్పుడు ఇదే చెబుతాం, తెలుగు అసోసియేషన్ వేదికల మీదా ఇదే చెబుతాం. చెప్పి అక్కడితో ఆపేస్తాం. ఆ కథ నిజమే, గొప్పదే. కానీ అమెరికాలో ఆడపిల్లల్ని పెంచుతున్న మనకూ, ఉద్యోగం, ఇల్లు, పిల్లల మధ్య ఊపిరాడకుండా ఉన్న మన ఆడవాళ్లకూ అంతకంటే ఎక్కువ పనికొచ్చే కథ ఆ తర్వాత నడిచింది. 2017లో పాప పుట్టాక, ముప్పై ఏళ్లు దాటాక హంపి చేసిన పనే నా దృష్టిలో ఆమె కెరీర్‌లో అసలైన భాగం.

మొదటి భాగాన్ని తక్కువ చేయాలని కాదు. 2002లో బుడాపెస్ట్‌లో ఆడి ఆఖరి నార్మ్ (టైటిల్‌కు లెక్కలోకి వచ్చే టోర్నీ ప్రదర్శన) తెచ్చుకునేటప్పటికి ఆమెకు పదిహేనేళ్ల ఒక నెల 27 రోజులు. అంతవరకూ అందరికంటే చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన మహిళ హంగేరీ క్రీడాకారిణి జుడిత్ పోల్గార్. ఆ జుడిత్ సొంత ఊళ్లోనే ఆమె రికార్డు పోయింది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. చెస్‌లో ఆడవాళ్లకు విడిగా ఉమన్ గ్రాండ్‌మాస్టర్ అని ఒక టైటిల్ ఉంది, దానికి కావలసిన రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) తక్కువ. హంపిది అది కాదు. ఆనంద్‌కు ఉన్నదే ఆమెకూ ఉంది. 2500 రేటింగ్, మూడు నార్ములు సాధించి తెచ్చుకున్న టైటిల్. అంతకుముందు 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా అండర్-12 పోటీల్లో మగపిల్లలతో ఆడి గెలిచింది. 2007లో 2600 రేటింగ్ దాటింది. అప్పటికి జుడిత్ తప్ప మరే మహిళా అక్కడికి చేరలేదు.

అదే సమయంలో చైనా నుంచి హౌ యిఫాన్ వచ్చింది. హంపి కంటే ఏడేళ్లు చిన్న. 2008లో హంపి రికార్డు బద్దలు కొట్టింది. 2008, 2010 ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో రెండుసార్లూ సెమీఫైనల్లో హంపిని ఆపింది ఆమే. 2011లో అల్బేనియాలోని టిరానాలో ప్రపంచ టైటిల్ కోసం ఇద్దరూ ముఖాముఖి తలపడితే ఐదు గేములు డ్రా అయ్యాయి, మూడు హౌ యిఫాన్ గెలిచింది. హంపికి ఒక్కటీ దక్కలేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో, అన్నేళ్లుగా ఎదురుచూసిన మ్యాచ్‌లో అలా ఓడిపోవడం ఎంత బాధో ఊహించుకోండి. తర్వాత హౌ యిఫాన్ ఆక్స్‌ఫర్డ్‌కు చదువుకు వెళ్లింది, షెన్‌జెన్‌లో ప్రొఫెసర్ అయింది, టోర్నీలు బాగా తగ్గించేసింది. అది ఆమె ఇష్టం, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఏడేళ్లు పెద్దదైన హంపి మాత్రం ఆ తర్వాత కూడా బోర్డు వదల్లేదు.

2014లో పెళ్లి, 2017లో పాప. దాదాపు రెండేళ్లు ఆటకు దూరం. చెస్ ఆడనివాళ్లకు ఇది పెద్ద విషయంగా కనిపించకపోవచ్చు. పరుగు పందెం కాదు కదా, కూర్చుని ఆడే ఆటే కదా అనుకుంటారు. ఆడకపోతే అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగ్ తగ్గదు, జాబితాలో అంకె అలాగే ఉంటుంది. తగ్గేది వేరు. ఈ స్థాయిలో గేమ్ మొదటి ఇరవై ఎత్తులు ఇంటి దగ్గర కంప్యూటర్ ముందు తయారు చేసుకొచ్చినవే. ఎదుటివాళ్లు రోజూ చేస్తున్న ఆ ప్రిపరేషన్ నువ్వు రెండేళ్లు చేయకపోతే, బోర్డు ముందు కూర్చోగానే తేడా తెలిసిపోతుంది. పైగా హంపి పక్కకు తప్పుకున్నది మామూలు రోజుల్లో కాదు. పాపకు నాలుగు నెలలు నిండుతున్నప్పుడు, 2017 డిసెంబరులో, తనంతట తానే ఆట నేర్చుకున్న ఆల్ఫాజీరో ప్రోగ్రామ్ అప్పటి గట్టి చెస్ ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్‌ను ఓడించింది. రాజు పక్కన ఉన్న అంచు బంటును చకచకా ముందుకు తోయడం, చేతిలో ఉన్న పావును దీర్ఘకాలిక లాభం కోసం వదిలేసుకోవడం వంటివి ఆ తర్వాత గ్రాండ్‌మాస్టర్ల ఆటలో బాగా పెరిగాయి. ఆమె వదిలి వెళ్లిన ఆట వేరు, తిరిగి వచ్చి చూసిన ఆట వేరు.

2018లో బటూమి చెస్ ఒలింపియాడ్‌తో మళ్లీ మొదలుపెట్టింది. 2019 సెప్టెంబరులో రష్యాలోని స్కోల్కోవోలో గ్రాండ్ ప్రి గెలిచింది. అదే ఏడాది డిసెంబరులో మాస్కోలో ప్రపంచ రాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే గేములు) టైటిల్. చివరికి చైనాకు చెందిన లే టింగ్జీతో టై బ్రేక్ ఆడాల్సి వచ్చింది. మొదటి బ్లిట్జ్ (ఇంకా వేగంగా ఆడే) గేమ్ ఓడిపోయింది. రెండోది గెలిచి సమం చేసింది. ఇక మిగిలింది విజేతను తేల్చే ఆఖరి గేమ్ ఆర్మగెడాన్, అందులో గట్టెక్కి ప్రపంచ చాంపియన్ అయింది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది.

రెండు నెలలు తిరక్కముందే మన దేశానికి, అంటే మనం ఉంటున్న ఈ దేశానికి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో కెయిర్న్స్ కప్. తొమ్మిది రౌండ్లలో ఆరు పాయింట్లు, అప్పటి ప్రపంచ చాంపియన్ జు వెన్‌జున్ కంటే అర పాయింటు ఎక్కువ. ఆఖరి రౌండ్‌లో ఆమెకు ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలుసా? గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక. ప్రపంచంలోని మేటి మహిళలు ఆడే టోర్నీలో, మిస్సోరిలో, టైటిల్ తేలే రోజున ఇద్దరు తెలుగువాళ్లు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ఆ గేమ్ డ్రా అయింది, కప్ హంపిది. మన సంఘాల పత్రికలు, వాట్సాప్ గ్రూపులు ఆ వారం ఎలా మోగిపోయి ఉండాలి! నాకు తెలిసిన పెద్ద పెద్ద గ్రూపుల్లో ఒక్క మెసేజ్ కనబడలేదు. సినిమావాళ్లు వస్తే ఎయిర్‌పోర్టుకు పూలదండలతో పోయే మనం, కారులో వెళ్లగలిగే దూరంలో జరిగిన దీన్ని పట్టించుకోలేదు. ఈ బాధ నాకు ఇంకా పోలేదు.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో కూడా అంతే. వాల్ స్ట్రీట్‌లో ప్రపంచ రాపిడ్. ఆ ఏడాది తనకు ఏదీ కలిసి రాలేదని ఆమే చెప్పుకుంది. మొదటి రౌండే ఓడిపోయింది. అక్కడి నుంచి కూడదీసుకుని 11 రౌండ్లలో 8.5 పాయింట్లు తెచ్చింది. ఆఖరి రౌండ్‌లో నల్లపావులతో ఇండోనేషియా క్రీడాకారిణి ఇరీన్ సుకందర్‌ను ఓడించి రెండోసారి ప్రపంచ చాంపియన్ అయింది. అప్పటికి ఆమె వయసు ముప్పై ఏడు.

ఇదంతా ఆమె ఒక్కతే, పట్టుదలతో సాధించిందని చెబితే అది సగం నిజమే. తాను టోర్నీలకు తిరుగుతుంటే పాపను అమ్మానాన్నలు చూసుకుంటారనీ, భర్త తోడు లేకపోతే ఇది జరిగేది కాదనీ ఆమే చెప్పింది. ఓఎన్‌జీసీలో ఉద్యోగం ఉంది, ఒక టోర్నీ పోయినంత మాత్రాన ఇల్లు గడవదన్న భయం లేదు. ఆడదానికి సంకల్పం ఉంటే చాలు, అన్నీ అవే వస్తాయి అని వేదికల మీద చెప్పేవాళ్లు ఈ వివరాలు కూడా చెప్పాలి. పాపను ఎవరు పట్టుకుంటారన్నది చిన్న ప్రశ్న కాదు. ఇక్కడ అమ్మావాళ్లు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉంటే సరే, వాళ్లు విమానం ఎక్కాక ఏం చేస్తాం? మన ఇళ్లలో ఎంతమంది వీణ, డాన్సు, బ్యాడ్మింటన్, చెస్ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాయో మీకూ తెలుసు.

2025 జూలైలో బటూమిలో ప్రపంచ కప్. సెమీఫైనల్లో మళ్లీ అదే లే టింగ్జీ. క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) గేములు రెండూ డ్రా, రాపిడ్ గేములు రెండూ డ్రా. పది నిమిషాల గేముల్లో మొదటిది హంపి ఓడిపోయింది, తప్పక గెలవాల్సిన రెండోది గెలిచింది. తర్వాతి రెండు బ్లిట్జ్ గేములూ తనే గెలిచి ఫైనల్‌కు చేరింది. ఫైనల్లో ఎదురైంది నాగ్‌పుర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్. హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేటప్పటికి దివ్య ఇంకా పుట్టలేదు. రెండు క్లాసికల్ గేములూ, మొదటి రాపిడ్ గేమూ డ్రా. రెండో రాపిడ్‌లో గడియారంలో టైమ్ అయిపోతుండగా ఎండ్‌గేమ్‌లో హంపి చేసిన పొరపాట్లను దివ్య వదల్లేదు. ఆ గెలుపుతో దివ్య ప్రపంచ కప్‌తో పాటు గ్రాండ్‌మాస్టర్ టైటిల్ కూడా నేరుగా తెచ్చుకుంది.

ఇక చాలు, హంపి కాలం అయిపోయిందని అప్పుడు కొందరన్నారు. నేను ఒప్పుకోను. తన వయసులో సగం ఉన్న అమ్మాయితో ప్రపంచ కప్ ఫైనల్ ఆడినామె కాలం అయిపోయినట్టా? ఆ రోజు అందరూ చూడాల్సిన లెక్క ఒకటుంది. దివ్య భారతదేశపు 88వ గ్రాండ్‌మాస్టర్. ఆ 88 మందిలో మహిళలు నలుగురే: 2002లో హంపి, 2011లో హారిక, 2023లో వైశాలి, 2025లో దివ్య. నలుగురిలో ఇద్దరు కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లని మనం సంబరపడవచ్చు. కానీ మొదటి అమ్మాయికీ రెండో అమ్మాయికీ మధ్య తొమ్మిదేళ్లు, రెండో అమ్మాయికీ మూడో అమ్మాయికీ మధ్య పన్నెండేళ్లు పట్టింది. ప్రతిభ ఉన్న ఆడపిల్లలు ఆ మధ్యలో పుట్టకుండా పోలేదు, ఆట మానేశారు.

ఎప్పుడు మానేస్తారో ఇక్కడ వారాంతపు స్కూల్ టోర్నీకి వెళ్తే కళ్లారా చూడొచ్చు. కెఫెటేరియాలో పొడవాటి బల్లల దగ్గర పులిహోర డబ్బాలతో అమ్మానాన్నలు కూర్చుని ఉంటారు, గోడ మీద పెయిరింగులు (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జాబితా) అంటించగానే పిల్లలు పరుగెత్తుతారు. ఎలిమెంటరీ సెక్షన్‌లో రెండు జడలవాళ్లు చాలామంది కనిపిస్తారు, మనవాళ్లే ఎక్కువ. హైస్కూల్ సెక్షన్‌కు వెళ్లి చూడండి, గదంతా వెతికితే ఒకరో ఇద్దరో. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి ఎంత కావాలో అంత ఆడించి, తొమ్మిదో తరగతి వచ్చేసరికి ఇక చాలమ్మా, చదువు మీద పెట్టు అంటున్నది మనమే. అన్నయ్యకు మాత్రం ఇంకో రెండేళ్లు గడువు ఇస్తాం. నిలబడే అమ్మాయికి కూడా పైన దొరికేది తక్కువే. 2024లో టొరంటోలో ఒకే హాల్లో, ఒకే రోజుల్లో రెండు క్యాండిడేట్స్ టోర్నీలు (ప్రపంచ చాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చేవి) జరిగాయి. ఓపెన్ విభాగం ప్రైజ్ మనీ 5 లక్షల యూరోలు, మహిళలది రెండున్నర లక్షలు. హంపి అక్కడ మరో ఇద్దరితో కలిసి రెండో స్థానంలో నిలిచింది.

ఫిడే బడ్జెట్ మన చేతుల్లో లేదు. మన తెలుగు సంఘం కన్వెన్షన్ మన చేతుల్లోనే ఉంది. చెస్ పోటీ అంటే అండర్-8, అండర్-12 పెట్టి, మధ్యాహ్నానికి కప్పులిచ్చి ఫొటోలు తీసుకుని సర్దేస్తున్నాం. దానికి తోడు మహిళలకు ఒక రాపిడ్ సెక్షన్ పెట్టమని అడుగుతున్నాను. వయసు పరిమితి వద్దు. పదిహేనేళ్ల అమ్మాయీ ఆడొచ్చు, ఎప్పుడో కాలేజీ రోజుల్లో యూనివర్సిటీకి ఆడి మానేసిన అక్కయ్యలూ ఆడొచ్చు. హంపి న్యూయార్క్‌లో ఆడిన టైమ్ కంట్రోలే పెడదాం: పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు. ఓపెన్‌లో మొదటి బహుమతి ఎంతో ఇక్కడా అంతే ఉండాలి. ఆడే హాలు పక్కనే చిన్నపిల్లల గది ఒకటి కావాలి, ఆ గదిలో పిల్లల్ని చూసుకునే వంతులు నాన్నలు వేసుకోవాలి. హైస్కూల్‌లోనూ ఆట మానని మన అమ్మాయిలకు రాష్ట్ర స్థాయి టోర్నీల ఎంట్రీ ఫీజు, హోటల్ ఖర్చు సంఘమే భరించాలి. సావనీర్‌లో నాలుగు రంగుల పేజీలు తగ్గిస్తే ఈ డబ్బు వస్తుంది.

వచ్చే కమిటీ మీటింగ్‌లో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. బోర్డులు, గడియారాలు తేవడం, పెయిరింగులు వేయడం నేను చూసుకుంటాను. పిల్లల గదికి వంతులు వేసుకునే నాన్నలు ముందుగా నాకు ఫోన్ చేయండి.