స్టోరీ పాయింట్ గారికి, హనుమకొండ నుంచి

మహారాజశ్రీ స్టోరీ పాయింట్ గారికి,

హనుమకొండలో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి కోడ్ రాసే ఉద్యోగి నమస్కరించి రాయునది ఏమనగా:

సాఫ్ట్‌వేర్‌లో ఒక పని ఎంత పెద్దదో చెప్పడానికి వేసే అంచనా అంకె మీరు. మీ పుట్టుకను తప్పుపట్టను. 1990ల చివర్లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతిలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, ఎవరూ కదిలించకుండా పనిచేస్తే ఎన్ని రోజులని లెక్కగట్టేవారు. అసలుకొచ్చేసరికి దాదాపు మూడింతలయ్యేది. 3 రోజులన్నది 9 రోజులెందుకైందని పైవాళ్లు నిలదీస్తుంటే, గొడవెందుకని రోజులు తీసేసి పాయింట్లన్నారు. ఆ గుంపులోని రాన్ జెఫ్రీస్, మిమ్మల్ని బహుశా తానే కనిపెట్టానని, అదే నిజమైతే ఇప్పుడు బాధపడుతున్నానని తర్వాత చెప్పుకున్నాడు. మా టీం పాటించే స్క్రమ్ అనే పని పద్ధతికి మూలమైన స్క్రమ్ గైడ్ తిరగేసినా మీ పేరు కనపడదు. అయినా స్ప్రింట్ అనే పని విడత మొదట్లో జరిగే ప్రతి ప్లానింగ్‌లో పెద్దపీట మీకే.

మీ అంకెలు 1, 2, 3, 5, 8, 13 ఫిబొనాచివని, ఈ పద్ధతి సరిగ్గా నడిచేలా చూసే మా స్క్రమ్ మాస్టర్ గొప్పగా చెప్తారు. పద్యంలో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు చొప్పున, మొత్తం ఇన్ని మాత్రలు రావాలంటే ఎన్ని రకాలుగా పేర్చొచ్చో లెక్కిస్తే వచ్చేవీ ఇవే. ఫిబొనాచి 1202లో పుస్తకం రాయకముందే జైన పండితుడు హేమచంద్రుడు ఈ లెక్క చెప్పాడు. పోతనది మా వైపు బమ్మెరే. పాపం, ఆ మహానుభావుణ్ని ఈ పద్యం ఎన్ని పాయింట్లని అడిగినవాళ్లు లేరు కాబట్టి భాగవతం రాయగలిగాడు.

మొన్నటి ప్లానింగ్ చూశారుగా. మొబైల్ నంబర్ గడిలో విదేశీ నంబర్లూ పట్టాలి, అదీ పని. తలా ఒక అంకె వేయాలి. టీం లీడ్ 2 వేశారు. కొత్తగా చేరిన అమ్మాయి 8 వేసింది. ఎందుకంటే, డేటాబేస్‌లో ఆ గడి 10 అంకెలకే ఉంది, ఎస్ఎంఎస్‌లు పంపే కోడ్ వేరే, రిపోర్టులు వేరే అంది. "చిన్న మార్పే కదమ్మా" అన్నారు లీడ్. అందరం మ్యూట్‌లో ఉన్నాం. రెండో రౌండ్‌లో అందరూ 3, ఆ అమ్మాయి కూడా. చివరికి ఏమైంది? గడి మారింది, ఎస్ఎంఎస్ వెళ్లింది, రిపోర్టును ఎక్సెల్‌లో తెరిస్తే నంబర్ ముందున్న ప్లస్ గుర్తు మాయం! పని పక్క స్ప్రింట్‌లోకి జారింది. స్ప్రింట్ అయ్యాక జరిగే సమీక్ష, అదే రెట్రోలో మమ్మల్ని అడిగిన ప్రశ్న, అంచనా ఎందుకు తప్పిందని.

మీరు రోజులు కాదట. మా మేనేజర్ మాత్రం ఒక పాయింటంటే సగం రోజని ఎక్సెల్ షీట్‌లో ఫార్ములా పెట్టుకున్నారు. పక్క టీం స్ప్రింట్‌కు 40 పాయింట్లు చేస్తోంది, మీరు 28 దగ్గరే ఆగారన్నారు. సరే, నెల తిరిగేసరికి 3 అనే పనులన్నీ 5 అయ్యాయి. వెలాసిటీ, అంటే స్ప్రింట్‌లో చేసే పాయింట్ల మొత్తం, పెరిగిందని అభినందనల మెయిల్ వచ్చింది. మేడారం జాతర రెండేళ్లకోసారి, ఆ వారం సగం టీం ఉండదు, పాయింట్లు తగ్గించండంటే మాత్రం, పోయిన స్ప్రింట్‌లో చేశారుగా అంటారు.

ఇంట్లో ఇంకో తంటా. "పనెప్పుడైతదిరా, పెళ్లికి పోవాలె" అని నాయిన అడిగితే, అలవాటులో ఐదు పాయింట్లే అన్నాను. "మేస్త్రి గిట్లంటే గోడ కట్టనిస్తనా?" అన్నాడు.

అయ్యా, దయచేసి తమరు రిటైరవండి. ఎప్పట్లోగా అంటారా? 3 పాయింట్లు.

ఇట్లు,
స్ప్రింట్ మధ్యలో ఇరుక్కున్న
మీ విధేయుడు