యూనికోడ్ తెలుగు ప్రింటుకి పనికిరాదా?

పెళ్ళిళ్ళ సీజన్ రాగానే ఒడిశాలో పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా డీటీపీ (కంప్యూటర్ మీద ప్రింటుకి పేజీలు కూర్చే పని) వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇదీ: "యూనికోడ్ తెలుగు ఫోన్లో చదువుకోడానికే. ప్రింటులో ఒత్తులు విడిపోతాయి. తెలుగు, ఒడియా కలిపి కార్డు వేయాలంటే పాత ఫాంట్లే దిక్కు. యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవు. టైపింగ్ మళ్ళీ నేర్చుకోవాలి. పాత ఫైళ్ళన్నీ వృథా." ఇంట్లో ఓ కంప్యూటరూ ప్రింటరూ పెట్టుకుని గృహప్రవేశం కార్డులు, చిన్న ఫ్లెక్సీలు చేసుకునే కుర్రాళ్ళు దీన్ని నమ్మి, పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ పైరసీ కాపీ కోసం వెతుకుతున్నారు. అందుకే ఈ జవాబు. యూనికోడ్ అంటే ప్రతి లిపిలో ప్రతి అక్షరానికీ విడి నంబరు ఇచ్చే పద్ధతి, ఫోన్లలో మనం టైప్ చేసేది అదే. పాత ఫాంట్లంటే ఆ పద్ధతి పాటించని, డీటీపీలో వాడే అను లాంటివి.

ముందు ఒత్తుల సంగతి. విడిపోవడం అబద్ధం కాదు. "లక్ష్మి" అని పేస్ట్ చేస్తే "లక్‌ష్‌మి" అని పొల్లులు తగిలించుకుని కూర్చుంటుంది. కానీ ఆ తప్పు యూనికోడ్‌ది కాదు. ఫైల్లో ఉండేది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే వరస మాత్రమే. వాటిని కలిపి, ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో చూసుకునే పని సాఫ్ట్‌వేర్‌దీ ఫాంటుదీ. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ అంటేనే తెలియదు. దాన్లో పరీక్షించి యూనికోడ్ పనికిరాదని తేల్చేస్తే ఎలా?

ఇన్‌డిజైన్ వాడేవాళ్ళు పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులు సర్దుకుంటాయి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్నది టిక్ చేసి, ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరవాలి. ఆ తర్వాతి కొన్ని వెర్షన్లలో ఇదే వరల్డ్-రెడీ లేఅవుట్ పేరుతో కనిపిస్తుంది. లిబ్రెఆఫీస్, ఇంక్‌స్కేప్‌లకు ఈ గొడవే లేదు, పైగా రెండూ ఉచితం.

కార్డులు డిజైన్ చేసే పాత కోరెల్ ప్రోగ్రాం వదల్లేనివాళ్ళకి ఒక దారి ఉంది. పేర్లు ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టి, పీడీఎఫ్‌గా దాచి కోరెల్‌లోకి తెచ్చుకోండి. అక్షరాలు అప్పటికే బొమ్మలైపోతాయి కాబట్టి ఒత్తు కదలదు. స్పెల్లింగ్ కూడా ఇక మారదు, అందుకని అసలు ఫైలు వేరే ఉంచుకోవాలి. పేజ్‌మేకర్ తప్ప వేరేది ముట్టుకోని ప్రెస్సుకి పని పంపేటప్పుడు కూడా ఫాంట్లు ఎంబెడ్ చేసిన, అంటే ఫైల్లోనే పొదిగిన పీడీఎఫ్ ఇస్తే సరి.

ఇక తెలుగు, ఒడియా ఒకే కార్డులో అన్న మాట. నాకు ఒళ్ళు మండేది దీనికే, ఎందుకంటే నిజం సరిగ్గా తలకిందులుగా ఉంది. మా గజపతి జిల్లాలో సగం కార్డులు రెండు లిపుల్లో ఉంటాయి. పెళ్ళికొడుకు వైపు ఆంధ్రాలోని పాతపట్నం, పెళ్ళికూతురు వైపు ఒడిశాలోని గుణుపూర్ అయితే ఇంకేం చెప్పాలి. పాత ఫాంట్లు చేసేదేమిటంటే, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్ళలో తెలుగు ముక్కలు కూరుస్తాయి: తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. పాత ఒడియా ఫాంటూ అవే గళ్ళలో తన ముక్కలు కూరుస్తుంది. రాత్రి పొద్దుపోయాక ఎవరో కంట్రోల్-ఏ నొక్కి ఫాంటు మార్చారనుకోండి, మేనమామ పేరు ఒడియా ముక్కల గందరగోళం అయిపోతుంది. ఒడియా రాని ప్రూఫ్ రీడర్ అది ఒడియాయే అనుకుని వదిలేస్తాడు.

యూనికోడ్‌లో ఒడియా అక్షరాల నంబర్లు 0బీ00 నుంచి, తెలుగువి 0సీ00 నుంచి వేర్వేరు చోట్లున్నాయి. ఫాంటు తప్పు పెడితే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, లేదా కంప్యూటరే ఆ లిపి ఉన్న ఇంకో ఫాంటు తెచ్చుకుంటుంది. పేరు మాత్రం మారదు. ఇంకో లాభం కూడా ఉంది. పెళ్ళికూతురు తండ్రి వాట్సాప్‌లో టైప్ చేసి పంపిన పేర్లని అలాగే కాపీ చేసుకోవచ్చు. మళ్ళీ టైప్ చేస్తే వచ్చే తప్పులుండవు, ప్రింటయ్యాక ఫోన్లు ఎత్తే టెన్షనూ ఉండదు.

మంచి ఫాంట్లు లేవన్నది సగం నిజం. పెళ్ళి కార్డు మీద మెలికలు తిరిగే శీర్షికల విషయంలో పాత ఫాంట్లలో ఉన్నంత వెరైటీ ఇంకా రాలేదు, ఒప్పుకుంటాను. కానీ రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, డబ్బులు తీసుకుని చేసే ప్రింటుకీ వాడుకోవచ్చు. వాటిలోనే గిడుగు అని ఒకటుంది. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ సవర భాషకి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఉన్న ఫాంటు పర్లాకిమిడి షాపుల్లోనే ఎవరికీ తెలియకపోవడం ఏం బావుంది! ఏ ఫాంటైనా కార్డులోకి దించేముందు లక్ష్మి, స్వాతంత్ర్యం, జ్యోత్స్న, వైశిష్ట్యం టైప్ చేసి చూడండి. ఈ నాలుగూ సరిగ్గా పడితే మిగతావి చాలావరకు పడతాయి.

టైపింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆపిల్, మాడ్యులర్ అనే పాత కీబోర్డు వరసలు అలవాటున్న వేళ్ళకి అదే వరసలో యూనికోడ్ టైప్ చేసే కీబోర్డులున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు ఉంది.

పాత ఫైళ్ళు వృథా కావు. అను ఫాంట్ల మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. అయితే తెలుగూ ఇంగ్లీషూ కలిసిన పేజీని మొత్తంగా పేస్ట్ చేయకండి. ఏది ఏ ఫాంటులో ఉందో కన్వర్టర్‌కి తెలియదు కాబట్టి కల్యాణ మండపం ఇంగ్లీషు పేరు కూడా తెలుగు ముక్కలైపోతుంది. తెలుగు భాగాన్ని వేరుచేసి మార్చండి, ముహూర్తం అంకెలూ ఫోన్ నంబర్లూ మాత్రం అసలు కార్డు పక్కన పెట్టుకుని చూసుకోండి.