గుడ్లు దాచాలి, చల్లకూడదు

ఈస్టర్ పండుగకు పెద్దలు రంగుగుడ్లు దాస్తే పిల్లలు వెతికి తెచ్చుకునే ఆట గుడ్ల వేట. అమెరికాలో ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్‌లో 2007 ఏప్రిల్ 1న జరిగిన ఈస్టర్ గుడ్ల వేట గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ రోజు పెట్టిన గుడ్లు 5,01,000. వాటి కోసం వచ్చిన పిల్లలు 9,753 మంది. భాగిస్తే తలకు యాభై ఒకటి. రికార్డు సంగతి ఎలా ఉన్నా నా దృష్టిలో ఆ భాగహారమే అసలు వార్త. ఒక్కొక్కరికి యాభై ఒక్క గుడ్లు కాళ్ళ దగ్గరే పడి ఉంటే ఇక వేట ఎక్కడిది? కోసిన చేలో పరిగె ఏరుకునేవాళ్ళు అంతకన్నా ఎక్కువ వెతుకుతారు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఈ తంతు కొత్తగా వర్ణించనక్కర్లేదు. ఈస్టర్‌కు ముందు శనివారం, ఊరి పార్కు, నున్నగా కత్తిరించిన పచ్చిక, వయసుల వారీగా కట్టిన తాళ్ళు. తాడుకు అవతల నీలం, గులాబీ, పసుపు రంగుల ప్లాస్టిక్ గుడ్లు, ఎండలో మెరుస్తూ, అందరికీ కనిపిస్తూ ఉంటాయి. ఒక్కటైనా ఆకు చాటున ఉండదు. ఈల మోగుతుంది. మూడు నిమిషాల్లో మైదానం ఖాళీ. పిల్లవాడి బుట్ట నిండుతుంది, తండ్రి ఫోను నిండుతుంది. అక్కడ ఎవరూ దేన్నీ దాచలేదు, చల్లారంతే. దాచని దాన్ని వెతకడం ఎవరి వల్లా కాదు.

వెతకడం పోయిన చోట పరుగు ఒక్కటే మిగులుతుంది. పరుగులో ఎప్పుడూ పెద్దవాళ్ళదే పైచేయి. కొలరాడో స్ప్రింగ్స్‌లో 2011లో తల్లిదండ్రులు తాళ్ళు దాటి దూకి పిల్లల కంటే ముందు గుడ్లు ఏరుకున్నారు. దాంతో నిర్వాహకులు 2012లో వేటనే రద్దు చేశారు. 2016లో కనెక్టికట్‌లోని ఆరెంజ్ అనే ఊళ్ళో ఒక మిఠాయి కంపెనీ పెట్టిన వేటలోనూ పెద్దల తోపులాటతో అంతా గందరగోళమైంది. ఈ వార్తలు వచ్చినప్పుడల్లా తల్లిదండ్రుల సంస్కారం మీద నాలుగు రోజులు చర్చ నడుస్తుంది. నేను వాళ్ళను పెద్దగా తప్పుపట్టను. ఎవరు ముందు వంగితే వాళ్ళదే గుడ్డు అనే ఆట పెట్టి, పొడుగు చేతులవాళ్ళను తాడు ఇవతల ఊరికే నిలబడమంటే ఎంతసేపు నిలబడతారు?

అసలు ఆట ఇది కాదు. జర్మన్ వైద్యుడు గెయోర్గ్ ఫ్రాంక్ ఫొన్ ఫ్రాంకెనావు 1682లో ఈస్టర్ గుడ్ల మీద ఒక లాటిన్ రచన చేశాడు. ఇప్పటి ఫ్రాన్స్‌లో, జర్మనీ సరిహద్దున ఉన్న ఆల్సాస్ ప్రాంతంలో కుందేలు గుడ్లు పెట్టి తోటల్లో, గడ్డిలో, పొదల్లో దాస్తుందని పిల్లలకు చెబుతారని, పిల్లలు వెతుకుతుంటే పెద్దలు చూసి ముచ్చట పడతారని అందులో రాశాడు. వైద్యుడు కాబట్టి గుడ్లు మితిమీరి తింటే వచ్చే రోగాల మీదే ఆయన దిగులంతా. ఆ దిగులుకు కారణం లేకపోలేదు. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం లెంటు నలభై రోజులూ గుడ్డు ముట్టకూడదని మధ్యయుగపు చర్చి నియమం పెట్టింది. కోళ్ళకు ఆ నియమం తెలియదు, పెడుతూనే పోయాయి. పండుగ నాటికి ప్రతి ఇంట్లో గుడ్ల గుట్ట. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1290లో పద్దెనిమిది పెన్నీలకు 450 గుడ్లు కొనిపించి, రంగులు, బంగారు రేకులు వేయించి రాజపరివారానికి పంచాడు. ఇంగ్లండులో ఈ వేట ఆచారం బలపడటంలోనూ ఒక జర్మన్ తల్లి పాత్ర ఉంది. 1833 ఏప్రిల్ 7న పదమూడేళ్ళ విక్టోరియా తన డైరీలో అమ్మ గుడ్లకు అందంగా రంగులు వేసిందని, తాము వాటిని వెతికామని రాసుకుంది. తర్వాత రాణి అయ్యాక తన పిల్లల కోసం భర్త ఆల్బర్ట్ గుడ్లు దాచేవాడు.

ఆ డైరీ వాక్యంలో ఎన్ని గుడ్లు దొరికాయో లేదు. అమ్మ ఉంది, రంగులున్నాయి, వెతకడం ఉంది. ఇప్పటికీ అంతే. యాభై దాటిన అమెరికన్ సహోద్యోగి ఎవరినైనా చిన్ననాటి ఈస్టర్ గురించి అడిగి చూడండి. బుట్టలో ఎన్ని పడ్డాయో చెప్పలేరు, ఎక్కడ దొరికిందో చెబుతారు. పియానో మూత కింద, నాన్న వర్షపు బూటులో, వాన నీటి గొట్టం చివర, అమ్మమ్మ కుట్టుమిషను సొరుగులో. గుడ్డు మీద వచ్చిన మమకారం కాదది. తనకోసం ఎవరో పనిగట్టుకుని ఆలోచించారన్న సంతోషం ఆ వయసు పిల్లలకు మొదటిసారి అక్కడే తెలుస్తుంది.

గుడ్డు దాచడం తీరుబడి పని. ముందురోజు రాత్రి ఉల్లిపొట్టు నీళ్ళలో గుడ్లు ఉడకబెట్టాలి. గుడ్డు మీద చిన్న ఆకు పెట్టి పలుచని గుడ్డతో బిగించి కట్టి ఉడికిస్తే, విప్పేసరికి ఇటుక రంగు పెంకు మీద ఆకు ఆకారం ఈనెలతో సహా తెల్లగా నిలుస్తుంది. ఆరాక చుక్క నూనె రాస్తే నిగనిగలాడుతుంది. తెల్లవారకముందే లేచి దాచేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని చూడాలి, లేకపోతే నాలుగేళ్ళవాడి కంటికి ఏది ఆనుతుందో తెలియదు. పెద్దదానికి కష్టమైన చోటు, చిన్నవాడికి తేలికైన చోటు. భయపడే పిల్లకు చీకటి మూల వద్దు. తొందరపడే పిల్లవాడికి కళ్ళెదుటే, అయినా కనిపించని చోటు ఒకటి. ఇవన్నీ ఆ పిల్లలను ఏడాది పొడవునా దగ్గర నుంచి చూసినవాళ్ళకే సాధ్యం. ఆ తర్వాత ఇంకా కష్టమైన పని, నోరు మూసుకుని కూర్చోవడం. పిల్లవాడు మూడుసార్లు ఆ కుండీ పక్కనుంచే వెళ్ళిపోతున్నా వేలు చూపించకూడదు. మన ఇళ్ళల్లో ఈ చివరిదే అసాధ్యం.

ఎదుటివారి మాట కూడా చెప్పాలి. పెరడు లేని అపార్టుమెంటు పిల్లలు, తల్లిదండ్రులిద్దరూ శనివారాలు కూడా పనికి పోయే ఇళ్ళు, ఊరికి కొత్తగా వచ్చి ఎవరూ తెలియని కుటుంబాలు ఉన్నాయి. వీళ్ళకు పార్కు వేటే దిక్కని, పైగా అది కులం, మతం, దేశం అడగని పండుగని అంటారు. నిజమే. గుడ్ల ధరల సంగతీ ఎత్తుతారు. 2025 మార్చిలో బర్డ్ ఫ్లూ దెబ్బకు అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు చేరింది. బంగాళాదుంపలకు రంగులు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ వాదం నా వైపే వస్తుంది. చల్లితే వేలు కావాలి, దాస్తే ఆరు చాలు. ఆ రేటున కూడా మూడు డాలర్ల పని. పెరడు లేకపోతే వంటగది ఉంది, పుస్తకాల అర ఉంది, షూ స్టాండు ఉంది. పార్కు వాళ్ళు కూడా గుడ్లను పొదల్లో పెట్టకూడదన్న చట్టమేమీ లేదు.

మన తెలుగు నేల మీద ఈ కథకు ఒక విచిత్రమైన మలుపు ఉంది. గుంటూరుకు 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ హెయర్ జర్మనీలో పుట్టి, చిన్ననాడే అమెరికాకు వలస వెళ్ళి, పెన్సిల్వేనియా లూథరన్ల తరఫున ఇక్కడికి వచ్చినవాడు. గుడ్లు పెట్టే కుందేలును అమెరికాకు తీసుకువెళ్ళింది ఆ పెన్సిల్వేనియా జర్మన్లే. ఆయన వెంట బడి వచ్చింది, వైద్యం వచ్చింది, బైబిలు వచ్చింది. కుందేలు మాత్రం ఓడ ఎక్కినట్టు లేదు. మన కోస్తా జిల్లాల ప్రొటెస్టెంటు ఇళ్ళల్లో ఈస్టర్ అంటే గుడ్డు కాదు, సమాధుల తోట.

మట్టల ఆదివారం నాటికే సున్నం డబ్బాలు బయటికి వస్తాయి. పాత సమాధులకు వెల్ల వేసి, చెరిగిపోయిన పేర్ల మీద నల్లరంగు దిద్ది, గడ్డి పీకి, ఈస్టర్ తెల్లవారుజామున పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా చిన్నప్పుడు గుంటూరులో మా నాన్న చేసే పని ఒకటుండేది. గేటు దగ్గర ఆగి, మమ్మల్ని ముందుకు తోసి, "మీ ముత్తాత ఎక్కడున్నాడో చూసి రండి" అనేవాడు. ఆయన దారి చూపించేవాడు కాదు. వేపచెట్ల కింద, పిచ్చిగడ్డిలో, ఇంచుమించు ఒకేలా ఉండే సిలువల మధ్య, కొవ్వొత్తి చేత్తో కాపాడుకుంటూ ఒక్కో పేరు కూడబలుక్కుని చదువుతూ తిరిగేవాళ్ళం. ఎవరెవరి పేర్లో, ఎప్పటెప్పటి సంవత్సరాలో తెలిసేవి. కరిగి వేళ్ళ మీద పడిన మైనాన్ని ఉండలు చేసుకునేవాళ్ళం. ముత్తాత దొరికితే గట్టిగా అరిచేవాళ్ళం, పక్క కుటుంబాలవాళ్ళు ప్రార్థన ఆపి చూసేవారు. మాకు గుడ్ల వేట లేదని ఎవరైనా జాలిపడితే నవ్వు వస్తుంది.

అసలు ఈ పండుగ కథే వెతుకులాట కదా. యోహాను సువార్తలో మగ్దలేనే మరియ ఇంకా చీకటి ఉండగానే సమాధి దగ్గరికి వస్తుంది, శరీరం కనిపించక ఏడుస్తుంది. ఎదురుగా నిలబడిన వాణ్ణి తోటమాలి అనుకుంటుంది. దొరికినవాడు దొరికినట్టు కూడా తెలియదు ఆమెకు. ఈ కథను ఈలలు వేసి మూడు నిమిషాల్లో ముగించవచ్చని ఎవరికి తోచిందో!

గుడ్ల దగ్గర మొదలుపెట్టి పిల్లల పెంపకం మీదికి వెళ్తున్నానని తెలుసు, అయినా వెళ్తాను. ఇంగ్లండులో మేయర్ హిల్మన్ బృందం 1990లో చేసిన అధ్యయనంలో, ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో పెద్దల తోడు లేకుండా బడికి వెళ్ళేవారు 1971లో 80 శాతం ఉంటే 1990 నాటికి 9 శాతానికి పడిపోయారని తేలింది. పందొమ్మిదేళ్ళలో ఒక దేశపు పిల్లలు వీధి మీద హక్కు పోగొట్టుకున్నారు. హైదరాబాద్ గేటెడ్ కాలనీలో లెక్క తీస్తే ఎంత వస్తుందో మీరే ఊహించుకోండి. ఆ కాలనీల క్లబ్‌హౌసుల్లోనూ, పెద్ద హోటళ్ళ ఈస్టర్ విందుల్లోనూ ఇప్పుడు గుడ్ల వేటలు పెడుతున్నారు. అమెరికా పార్కు నమూనానే తెచ్చుకున్నాం, చల్లే రకం. చాక్లెట్ గుడ్లు, టోపీలు, ఫొటో తీసుకునేందుకు అట్టకుందేలు. దాగుడుమూతలు ఆడిన, ఇసుకలో పుల్ల దాచి వెతికించిన తరం ఇలా ఏరుడు పోటీని వేట అని కొనుక్కోవడం నాకు మింగుడుపడదు.

దారి తప్పకుండా బస్సు ఇంటి ముందుకు వస్తుంది, జవాబు తప్పకుండా కోచింగ్ మెటీరియల్ వెనక పేజీలో ఉంటుంది, బొమ్మ అడగకముందే గుమ్మంలోకి చేరుతుంది. ఏదో ఒకటి కనబడకుండా పోయి, అది ఎక్కడ ఉండవచ్చో తల పట్టుకుని ఆలోచించే అవసరం మన పిల్లలకు రోజు మొత్తంలో ఎన్నిసార్లు వస్తోంది? ఏడాదికి ఒక ఉదయం వచ్చే అవకాశం ఇది. దాన్ని కూడా ముందే విప్పి, పచ్చిక మీద పరిచి ఇస్తున్నాం. తర్వాత వాళ్ళకు ఓపిక లేదని మనమే వాపోతాం.

హిందూ, ముస్లిం ఇళ్ళలో ఈస్టర్ గుడ్లేమిటి అని అడిగేవారికి క్లుప్తంగా: బైబిల్లో గుడ్లు పెట్టే కుందేలూ లేదు, రంగుగుడ్డూ లేదు. దానికి బాప్తిస్మం అక్కర్లేదు.

వచ్చే ఈస్టర్‌కు పార్కు మానేయండి. ఆరు గుడ్లు తెచ్చుకోండి. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉంటే, ఎండలు ముదరకముందే ఆరు నెలలు ఉండిపోదామని విజిటర్ వీసా మీద వచ్చి, కారు నడపలేక, సోఫాలో కూర్చుని ఏం చేయాలో తోచక ఉన్న తాతయ్య ఒకరు ఉండనే ఉంటారు. దాచే పని ఆయనకు అప్పగించండి. ఎలాగూ కొత్తలో తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది.