వారంటీకి ఏళ్లున్నాయి, రిపేరుకు రోజుల్లేవు

కొత్త బండితో ఇచ్చే వారంటీ పుస్తకంలో ఏళ్లుంటాయి, కిలోమీటర్లుంటాయి. పాడైన పార్టు ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారన్న అంకె మాత్రం ఎంత వెతికినా కనిపించదు. అనంతపురం షోరూమ్‌ల సర్వీసు కౌంటర్లలో ‘సోమవారం రండి’ అన్న మాట అంత ధీమాగా వినిపించడానికి కారణం అదే. కళ్యాణదుర్గం నుంచి అరవై కిలోమీటర్లు బస్సులో వచ్చినవాడికి ‘పార్టు ఇంకా రాలేదన్నా’ అని చెప్పడానికి అర నిమిషం చాలు. వచ్చినవాడికి ఆ రోజు పని పోయినట్టే. బండి వర్క్‌షాపు వెనకాల రేకుల షెడ్డు కింద దుమ్ము పట్టి ఉంటుంది, కంతు మాత్రం తారీఖు తప్పకుండా బ్యాంకు ఖాతాలోంచి కట్ అవుతూనే ఉంటుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకుకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ముందే కట్టించుకుంటున్నారు. లైఫ్ ట్యాక్సూ ముందే. కొన్నవాడు బాకీ ఏమీ లేడు. బాకీ పడింది అమ్మినవాళ్లే.

ఆలస్యం ఎక్కడ పుడుతోందో చూడకుండా మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. వారంటీ పని షోరూమ్ తనంతట తాను చేసేది కాదు. ముందు జాబ్ కార్డు, అంటే బండి ఫిర్యాదూ చేయాల్సిన పనీ రాసుకునే కాగితం, తెరవాలి. లోపాన్ని ఫొటోలు, వీడియో తీసి కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. ఖరీదైన పార్టైతే కంపెనీ తరఫున ఆ ప్రాంతం చూసే సర్వీసు మేనేజరు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే డిపోకు ఆర్డరు. విప్పిన పాత పార్టుకు ఛాసిస్ నంబరు రాసిన ట్యాగు కట్టి దాచాలి, కంపెనీ అడిగినప్పుడు పంపాలి. తీరా డీలరు పెట్టిన ఈ వారంటీ క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరిస్తే కొత్త పార్టు ఖర్చు డీలరు నెత్తినే పడుతుంది. పైగా వారంటీ పనికి కంపెనీ ఇచ్చే లేబర్ చార్జీ, పెయిడ్ సర్వీసుకు కస్టమరు దగ్గర తీసుకునేదానికంటే సాధారణంగా తక్కువ. ర్యాంపులు నాలుగే ఉన్నప్పుడు ఏ బండి ముందు ఎక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు. డీలరు ఇబ్బంది నిజమే. అయితే అది డీలరుకూ కంపెనీకీ మధ్య లెక్క. దాన్ని కొన్నవాడి ఖాతాలో రాయడం ఏం న్యాయం?

ఆర్డర్లలోనూ రెండు రకాలు. స్టాకు కోసం మామూలుగా పెట్టేది తీరిగ్గా వస్తుంది. బండి కదలని స్థితిలో ఉన్నప్పుడు పెట్టే అత్యవసర ఆర్డరు వేరు, వర్క్‌షాపుల్లో దాన్ని వీఓఆర్ (వెహికల్ ఆఫ్ రోడ్) అంటారు. ‘ఆర్డరు పెట్టాం’ అన్న మాటతో వెనక్కి రాకూడదు. ఏ రకం ఆర్డరు, ఏ తేదీన పెట్టారు, నంబరెంత అని అడగాలి. నంబరు చెప్పలేకపోతే పెట్టలేదనే అనుకోవచ్చు. బెంగళూరు మనకు 44వ నంబరు జాతీయ రహదారి మీద నాలుగైదు గంటల దూరం. పొద్దున బయల్దేరిన పార్సిలు సాయంత్రానికి చేరే ఊరికి ఒక సెన్సర్ రావడానికి మూడు వారాలు పట్టిందంటే, ఆ మూడు వారాలూ అది రోడ్డు మీద లేదు. ఎవరి టేబుల్ మీదో అప్రూవల్ కోసం ఆగి ఉంది. ఈలోగా షోరూమ్ అద్దాల వెనక అదే మోడల్ బండ్లు వరుసగా మెరుస్తుంటాయి. వాటిలోంచి ఒకటి విప్పి బిగించొచ్చు కదా అని కస్టమరుకు అనిపించడం సహజం. అలా విప్పిన బండిని రేపు కొత్తదని ఇంకొకరికి అంటగడతారు, ఆ బేరం మనకొద్దు.

చాలాసార్లు చిక్కు పార్టు దాకా పోకముందే, జాబ్ కార్డు మొదటి గీత దగ్గరే మొదలవుతుంది. ఇక్కడి ఎండల్లో వచ్చే ఫిర్యాదు ఒకటి తీసుకుందాం. బండి ఇరవై నిమిషాలు నడిచాక ఆగిపోతుంది, అరగంట నీడన పెడితే మళ్లీ స్టార్టవుతుంది. ఇంజిన్ పక్కన మ్యాగ్నెట్ కవరు లోపల, స్పార్కు ఎప్పుడు రావాలో సంకేతమిచ్చే పికప్ కాయిల్ ఉంటుంది, మెకానిక్‌లు పల్సర్ కాయిల్ అంటారు. అందులోని వెంట్రుకలాంటి రాగి తీగ ఎక్కడో తెగి ఉంటే, చల్లగా ఉన్నంతసేపు రెండు కొసలూ తాకుతూ ఉంటాయి. వేడికి విడిపోతాయి, స్పార్కు పోతుంది. చల్లారితే మళ్లీ తాకుతాయి. సర్వీసు అడ్వైజరు కార్డులో ‘స్టార్టింగ్ ప్రాబ్లం, చెక్’ అని రాస్తాడు. రాత్రంతా చల్లారిన బండికి మెకానిక్ పొద్దున పదింటికి సెల్ఫ్ కొడితే ఒక్క నొక్కుకే అందుకుంటుంది. ప్లగ్గు తుడిచి, ‘లోపం కనిపించలేదు’ అని రాసి కార్డు మూసేస్తారు. లోపం కనిపించకపోతే క్లెయిమ్ లేదు, క్లెయిమ్ లేకపోతే పార్టు లేదు. ఇలా మూడుసార్లు తిరిగాక కస్టమరు చేతిలో మూడు కార్డులుంటాయి, మూడింట్లోనూ బండి బాగానే ఉంటుంది. రేపు కేసు వేస్తే అవతలివాళ్లు చూపించేవి ఆ మూడు కార్డులే.

అదే కార్డులో ‘వేడెక్కాక 20 నిమిషాలకు ఆగుతోంది, 30 నిమిషాలు చల్లారాక స్టార్టవుతోంది, వేడి మీదే పరీక్షించాలి’ అని రాయిస్తే పని తీరే మారిపోతుంది. బండిని పదిహేను కిలోమీటర్లు తిప్పి, ఆగిన చోటే మల్టీమీటరుతో కాయిల్ ఓమ్స్ (కరెంటుకు అది ఇచ్చే నిరోధం) చూడక తప్పదు. చల్లగా ఉన్నప్పటి రీడింగు, వేడి మీద తెగిపోయినట్టు చూపిన రీడింగు రెండూ పక్కపక్కన ఉంటే అప్రూవల్‌కు అడ్డు చెప్పడం కష్టం. ఇంజిన్ లైటు వెలిగే లోపమైతే ఓడోమీటరు కనిపించేలా ఫోనులో పది సెకన్ల వీడియో తీసి పెట్టుకోవాలి. స్కానర్ పెట్టి, లోపం ఏదో చెప్పే కోడ్‌ను తుడిచేయకముందే ఆ కోడ్ నంబరు కార్డులో రాయమనాలి.

ఫ్యూయల్ పంపు పోయిందంటే ముందు వినపడేది ‘పెట్రోలు కల్తీ’. ఒక్కోసారి నిజమే. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులోకి తగినన్ని నీళ్లు చేరితే, ఇథనాలూ నీళ్లూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు పీల్చేది ఆ అడుగునే. కానీ అది నోటిమాటతో తేల్చేది కాదు. ట్యాంకు అడుగు నుంచి కస్టమరు ఎదుటే తెల్లటి గాజు సీసాలోకి తీసి, పావుగంట కదపకుండా పెట్టాలి. నీళ్లుంటే గీత గీసినట్టు రెండు పొరలు కనబడతాయి. పొరల్లేకపోయినా ఇంకేదో కల్తీ అంటారా, ల్యాబు రిపోర్టు చూపాల్సింది వాళ్లే.

కొన్నవాళ్ల తప్పులూ ఉన్నాయి. ఊరి రోడ్ల చీకటికి ఫాగ్ లైట్లు కావాలని వైరింగ్ కోసి టేపు చుట్టించిన బండికి ఎలక్ట్రికల్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. షోరూమ్‌లోనే బిగించి ఉంటే ఆ బిల్లు దాచుకోవాలి, నెపం మన మీదికి రాకుండా. ఫ్రీ సర్వీసుకు కిలోమీటర్లూ రోజులూ రెండూ రాసుంటాయి, ఏది ముందొస్తే అదే గడువు. ‘ఇంకా మూడొందలే తిరిగింది కదా’ అని రోజులు దాటేస్తే క్లెయిమ్ కొట్టేయడానికి సాకు మనమే ఇచ్చినట్టు. బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, ఫిల్టర్లు అరిగే సరుకు, వాటి కోసం గొడవ దండగ. బ్యాటరీ సంగతి మాత్రం గమనించాలి. వారాల తరబడి షెడ్డులో పడున్న బండి బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. నిండు బ్యాటరీ, ఇంజిన్ ఆపి ఉంచినప్పుడు 12.6 ఓల్టుల దగ్గర చూపాలి. బండిని రిపేరుకు అప్పగించే రోజు ఓల్టేజీ, కిలోమీటర్ల రీడింగు, ఎంత పెట్రోలు ఉంది, ఎక్కడ గీతలు పడ్డాయి అన్నవి ఫొటోలు తీసి కార్డులోనూ రాయిస్తే, తీసుకునే రోజు వాదన ఉండదు.

బెంగళూరులో పనిచేస్తూ అక్కడే కొని ఇక్కడికి తెచ్చుకున్నవాళ్లకు ‘కొన్నచోటికే పోండి’ అన్న జవాబు ఎదురవుతోంది. వారంటీ ఇచ్చింది కంపెనీ. తమ అధీకృత సర్వీసు కేంద్రం ఎక్కడున్నా చేస్తుందని చాలా కంపెనీలు పుస్తకంలోనే రాసిస్తాయి. ఆ పేజీ తెరిచి కౌంటరు మీద పెట్టాలి.

వారం దాటితే ఫోన్లు ఆపి రాతలోకి దిగాలి. జాబ్ కార్డు నంబరు, ఛాసిస్ నంబరు, ఇచ్చిన వాయిదాల తేదీలతో డీలరుకు ఈమెయిలు, కంపెనీ కస్టమర్ కేర్‌కు కాపీ. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అది తీర్పు చెప్పదు, ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి జవాబు అడుగుతుంది. ఆపైన పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు, చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జూలై 20న అమల్లోకొచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం బండి ఎక్కడ కొన్నా మనం నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చాలి. ఒకరినే చేరిస్తే ఆ ఒకరు రెండోవాళ్ల వైపు వేలు చూపిస్తారు. పరీక్షలు అక్కర్లేని కేసు మూడు నెలల్లో, కావాల్సింది ఐదు నెలల్లో తేలాలని చట్టం అంటోంది. ఆచరణలో ఎంత పడుతుందో కమిషన్ మెట్లెక్కినవాళ్లకు తెలుసు.

ఒక సెన్సర్ పోయిందని కొత్త బండే ఇప్పించమంటే కేసు బలహీనపడుతుంది. లోపమున్న పార్టు మార్చడం వరకే వారంటీ బాధ్యత అని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గట్టిగా అడగాల్సింది ఆలస్యానికి పరిహారం. బస్సు టికెట్లు, అద్దె బండి రసీదులు, కట్టిన కంతులు అందుకు పనికొస్తాయి.

ఒక్కొక్కరూ ఇలా పోరాడితే తప్ప బండి బయటికి రాని పద్ధతి మారాలి. క్లెయిమ్‌కు రెండు పని దినాల్లో అవునో కాదో చెప్పాలి. మామూలు పార్టుకు ఏడు రోజులు, ఇంజిన్ పనికి పదిహేను రోజుల గడువు వారంటీ పుస్తకంలోనే అచ్చు వేయాలి. దాటితే ఇంకో బండి ఇవ్వాలి, లేదా రోజుకింత చెల్లించాలి. బండి వర్క్‌షాపులో ఉన్న రోజుల్ని వారంటీ కాలానికి కలపాలి. మార్చిన పార్టుకు మిగిలిన వారంటీయే వర్తిస్తుందని రాసుకునే కంపెనీలకు ఇది మరీ అవసరం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న తెచ్చిన, కంపెనీలు తమ రిపేరు వివరాలు పెట్టే రైట్ టు రిపేర్ పోర్టల్ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. ఈ గడువులు అక్కడా పెట్టించాలి. కొత్త బండ్ల వ్యాపారానికి డీలరుకు కావాల్సిన ట్రేడ్ సర్టిఫికెట్ ఇచ్చేది రవాణా శాఖ. దాన్ని పునరుద్ధరించేటప్పుడు, నెల దాటిన వారంటీ జాబ్ కార్డులు ఎన్ని తెరిచి ఉన్నాయో చూపమనే నిబంధన పెట్టడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చుండదు. అది వచ్చేదాకా, జాబ్ కార్డులో ‘డెలివరీ తేదీ’ గడి ఖాళీగా ఉంటే కింద సంతకం పెట్టొద్దు.