చెవిలో ఊదితే కాదు, ఉద్దెర ఇస్తే నమ్ముతాడు

మృగశిర కార్తె దగ్గర పడుతుందంటే దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లలో లూజు పత్తి గింజలు అమ్మే దళారులు దిగుతారు. గడ్డి మందు కొట్టినా చేను చావదంటారు. అనుమతి లేని విత్తనమని తెలిసీ రైతు కొంటాడు. ఎందుకు కొంటాడంటే కొందరు మెదడు మీదికి నెడతారు: 'కుడి మెదడు' మనుషులు ఇట్టే నమ్మేస్తారట, 'ఎడమ మెదడు' వాళ్లు లెక్కలు వేసుకుంటారట! పిల్లల వేలిముద్రలు చూసి ఏ మెదడో చెప్పే పరీక్షల దుకాణాలు నడిచేదీ ఈ మాట మీదే. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం 2013లో 1,011 మంది మెదడు స్కాన్లు పరిశీలిస్తే, భాషలాంటి కొన్ని పనులు ఒక పక్కకు మొగ్గాయి తప్ప అలాంటి రెండు రకాల మనుషులు కనబడలేదు.

కుడి చెవి మాట ప్రధానంగా మెదడులోని ఎడమ సగానికి, అంటే ఎడమ అర్ధగోళానికి చేరుతుంది. ఇటలీ డిస్కోల్లో ఆ చెవిలో అడిగితే సిగరెట్లు ఎక్కువ దొరికాయని 2009లో ఒక పరిశోధన వచ్చింది. కాదనను. కానీ హోరులో అడిగే సిగరెట్టు, ఏడాది పంట ఒకటేనా?

అసలు చూడాల్సింది అమెరికా మెదడు శాస్త్రవేత్త మైకేల్ గజానిగా ఒక రోగి మీద చేసిన ప్రయోగం. మూర్ఛ తగ్గించడానికి ఆ రోగికి రెండు అర్ధగోళాల మధ్య నరాల కట్టను కోశారు. ఎడమ అర్ధగోళానికి కోడి కాలు, కుడిదానికి మంచు దృశ్యం చూపారు. చూసినదానికి సరిపోయే బొమ్మ ఎంచుకోమంటే, కుడి అర్ధగోళం నడిపే ఎడమ చెయ్యి మంచు ఎత్తే పార బొమ్మను ఎంచుకుంది. ఎందుకని అడిగితే జవాబు చెప్పాల్సింది మాట్లాడే ఎడమ భాగం. దానికి మంచు సంగతే తెలియదు. అయినా తడుముకోలేదు: కోళ్ల షెడ్డు ఊడవడానికి పార కావాలి కదా అంది. అంటే లెక్కల మనిషని పేరుపడ్డ భాగమే, జరిగిపోయిన పనికి కారణం అల్లింది!

'పక్క చేన్ల మంచిగ మొలిచింది' అనే రైతు జవాబూ చాలాసార్లు అలాంటి అల్లికే. అసలు కారణం ఉద్దెర. గింజలు, ఎరువు, మందు అప్పుకిచ్చేవాడే పత్తి కొని బాకీ పట్టుకుంటాడు. అతను చేతిలో పెట్టిన సంచిని కాదనడానికి ఏ అర్ధగోళమూ పనికిరాదు. లూజు గింజకు బిల్లుండదు, లాట్ నంబరుండదు. మొలవకపోతే నష్టపరిహారం అడగడానికి కాగితమే లేదు. గింజల్లో వేరే రకం కలిసి ఉంటే, మందును తట్టుకోని మొక్కలు గడ్డితో పాటే మాడిపోతాయి.

అవగాహన సదస్సుల్లో 'మోసపోకండి' అంటే తెగేది కాదిది. పంట రుణం మే నెలలో చేతికొస్తే రైతు లైసెన్సు దుకాణంలో నగదు పెట్టి బిల్లు అడుగుతాడు. ఆగస్టులో వస్తే అది పాత ఉద్దెర కిందికే పోతుంది.