పిచ్చివాళ్ల లోయ నీళ్లూ, లిథియం ప్రచారమూ

ఐర్లండ్‌లోని కెర్రీ కౌంటీలో, క్యాంప్ అనే పల్లెకు దగ్గరగా ఉన్న గ్లానగాల్ట్ (‘పిచ్చివాళ్ల లోయ’ అని అర్థం) లోయలో, పిచ్చిని కుదిర్చే బావిగా పేరుపడిన ఒక బావి ఉంది. దాని నీటిలో, మనోవైద్యంలో మందుగా వాడే లిథియం అనే మూలకం ఉందని తేలింది కనుక ఆ కథ నిజమేననీ, మనోవైద్యం అక్కడి పూర్వీకులకు ముందే తెలుసనీ ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. లోయా ఉంది, కథా ఉంది. ఆ కథకు లిథియాన్ని ముడిపెట్టిన తీరే నిలవదు.

ముందుగా మోతాదు సంగతి. భూగర్భజలంలో లిథియం జాడ కనబడడం వింతేమీ కాదు. ఉన్మాదానికి (మేనియా అనే జబ్బుకు) రోజుకు ఇచ్చే లిథియం కార్బనేట్ 900 మిల్లీగ్రాములనుకుంటే, అందులో అసలు లిథియం సుమారు 170 మిల్లీగ్రాములు. బావి నీటిలో లీటరుకు ఏకంగా ఒక మిల్లీగ్రాము ఉందని ఉదారంగా ఒప్పుకున్నా, ఒక్క రోజు మోతాదుకే 170 లీటర్లు తాగాలి. యాత్రికుడు తాగేది దోసెడు. తాగునీటిలోని లిథియానికీ ఆత్మహత్యల రేటుకూ సంబంధం ఉండవచ్చునని, టెక్సస్‌లోని 27 కౌంటీల లెక్కలతో 1990లో వెలువడినటువంటి అధ్యయనాలు సూచించిన మాట నిజమే. అయితే అవి ఏళ్ల తరబడి అదే నీరు తాగే జనాభాకు సంబంధించినవి.

జబ్బు విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. లోయ పేరులోని ‘గెల్ట్’ అనే మాటకు పాత ఐరిష్ కథల్లో, యుద్ధభూమి భీభత్సానికి మతి చలించి అడవుల పాలైనవాడని అర్థం. అలాంటివారికి ఒంటిమీద ఈకలు మొలుస్తాయని 13వ శతాబ్దపు నార్వే గ్రంథమొకటి కూడా చెప్పింది. ఐరిష్ గాథల్లోని వెంట్రీ యుద్ధం నుంచి అలా పారిపోయిన, ఉత్తరాన ఉన్న అల్స్టర్ ప్రాంతపు వీరుడు గాల్, ఈ లోయలో నీళ్లు తాగి, నీటిలో పెరిగే వాటర్‌క్రెస్ ఆకు తిని తేరుకున్నాడని స్థానికులు చెప్పుకుంటారు. ఆ ఆకును సందేశం ఎందుకు వదిలేసిందో! ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించింది 1949లో. యుద్ధభయంతో చెదిరిన మనసుకు అది మందని ఆయన అనలేదు.

ఇక, రసాయనమే కారణమైతే మిగతా బావుల మాటేమిటి? బావి అనగానే మనకు గిలకా చేదా మెదులుతాయి గానీ, అక్కడివి చాలావరకు రాళ్ల మధ్య ఊరే చెలమలు. ఒకటి కంటికి, ఒకటి పంటినొప్పికి, ఒకటి పులిపిర్లకు మంచిదంటారు. సూర్యుడు తిరిగే దిక్కుగా ప్రదక్షిణలు చేసి, లెక్క తప్పకుండా గులకరాళ్లు వేసుకుంటూ, చివరకు పక్క చెట్టుకు గుడ్డపేలిక కడతారు. పేలిక చివికేకొద్దీ రోగం తగ్గుతుందని నమ్మకం. ఆ నీరు ఎంత కాచినా మరగదని కూడా అంటారు.

1937–39 మధ్య ఐరిష్ జానపద సంఘం పూనికతో బడిపిల్లలు ఊళ్లోని పెద్దల నోట విని ఇటువంటి బావుల గురించి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. ఏ రోజున వెళ్లాలి, ఎన్ని చుట్లు తిరగాలి, వెళ్తూ అక్కడ ఏమి వదిలి రావాలి అన్నవే వాళ్లు రాసుకున్న వివరాలు.