బీపీ, షుగర్ బల్లల పక్కన ఇంకో బల్ల

మొన్న జనవరిలో శ్రీకాకుళంలో మన సంఘం పెట్టిన హెల్త్ క్యాంపు, దాని వెనకే తల్లులకి చీర, పసుపు కుంకాలతో సన్మానం, ఫోటోలు అందరూ చూసే ఉంటారు. ఫోటోల్లో లేనిది ఒకటుంది. మన కమిటీ పెద్దాయనొకరు మైకు పట్టుకుని "ఈ కాలం బాలింతలకి పిల్లకి పాలిచ్చామో లేదో గుర్తుండదు గానీ రీల్ పెట్టడం మాత్రం మర్చిపోరు" అన్నారు, హాలంతా గొల్లుమంది. నా పక్కన మా పిన్ని కోడలు, ఒళ్ళో రెండు నెలల పిల్ల. ఆ అమ్మాయి నవ్వలేదు, తల దించుకుని బ్యాగులో డైపర్ కోసం చాలాసేపు వెతికింది. డైపర్ పైనే ఉంది. (జోకేసినాయన మంచాయనే, క్యాంపు మందుల ఖర్చు సగం ఆయనదే, అది వేరే సంగతి.)

నాకెందుకంత గుచ్చుకుందంటే ఆ మర్చిపోయే బాలింతని నేనే కాబట్టి. రెండో కాన్పు అయ్యాక డాలస్‌లో తేలింది నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని మెదడు తీరు) అని, అప్పటిదాకా మా ఊళ్ళో నా బిరుదు "పరాకు గుంట". మొదటి కాన్పు వీసా రాకముందు, నరసన్నపేటలో అమ్మ దగ్గర. ఇప్పుడు తలుచుకుంటే ఆ పురుటి గదిని మించిన వైద్యం నాకు మళ్ళీ దొరకలేదనిపిస్తుంది. పొద్దున్నే నలుగు, వేణ్ణీళ్ళు, సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, కాయం ఉండ, పత్యం అన్నంలో వెల్లుల్లి కారం, ఏది ఎప్పుడో నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదు, టైముకి ఎవరో ఒకరు తెచ్చి నోట్లో పెట్టేవారు. ఏ వైపు పాలిచ్చానో నాకు గుర్తుండేది కాదు, అమ్మ నా నైటీకి ఒక పిన్నీసు గుచ్చి, పిల్ల ఇటు తాగితే అటు మార్చుకోమంది. పిల్లకి చుక్కల మందు వేసినప్పుడల్లా వంటింటి గుమ్మం పక్కన, పాలవాడి లెక్కల కిందే, బొగ్గుతో ఒక గీత. బుర్రలో నిలవనివి కంటికి కనపడేలా బయట పెట్టుకోవాలని తర్వాత డాలస్‌లో గంటకింతని డబ్బు తీసుకుని నేర్పారు, మా అమ్మ ఏడో తరగతి.

అదే అమ్మ, చూడ్డానికొచ్చిన ప్రతి మనిషికీ "దీనికి సిన్నప్పట్నుంచీ బుర్ర నిలకడ నేదప్పా, ఈ గుంటనెలాగ పెంచుతాదో ఏటో" అని చెప్పేది. నేను అర్ధరాత్రి కూర్చుని ఏడుస్తుంటే మా పెద్దమ్మ "ఇలాగే ఏడిస్తే సినవాల్తేరు తీసుకుపోవాలి" అని నవ్వింది, అంటే విశాఖ పిచ్చాసుపత్రికి. పిన్నీసు పెట్టిన చెయ్యీ ఆ మాటన్న నోరూ ఒకరివే, నేను దేన్ని తీసుకోవాలి చెప్పండి. రెండో కాన్పుకి అమెరికాలో ఆ చెయ్యి లేదు, నోరు మాత్రం వీడియో కాల్‌లో రోజూ ఉంది. మా ఆయనకి నైట్ షిఫ్ట్, నాకు నిద్ర లేదు, స్టవ్ మీద సీసాలు మరిగి మరిగి మాడిపోయేవి, ఈ పిల్లలకి వేరే తల్లి దొరికితే బాగుండు అని అనిపించడం మొదలైంది. పిల్లాడి చెకప్‌కి వెళ్తే అక్కడ నా చేతికొక కాగితం ఇచ్చారు, పది ప్రశ్నలు. మొదటిసారి ఎవరో పిల్లాడి సంగతి కాకుండా నా సంగతి అడిగారు.

ఇది బద్ధకం కాదు, పెంపకం లోపమూ కాదు. కాన్పు కాగానే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది, మెదడులో ధ్యాసకి సాయపడే డోపమైన్ అనే రసాయనం పనితీరుకి దానితో సంబంధం ఉంది, ఏడీహెచ్‌డీ వాళ్ళకి అసలే అక్కడే ఇబ్బంది, దానిమీద నిద్రలేమి. 2023లో వచ్చిన ఒక స్వీడన్ స్టడీలో 7 లక్షల పైచిలుకు బాలింతల రికార్డులు చూశారు. ఏడీహెచ్‌డీ ఉన్న తల్లుల్లో దాదాపు 17 శాతం మందికి కాన్పు తర్వాత డిప్రెషన్ అని తేలింది, లేనివాళ్ళలో 3 శాతం చిల్లర. యాంగ్జైటీ అయితే నలుగురిలో ఒకరికి. వాళ్ళంతా జబ్బుకి పేరు పెట్టించుకున్నవాళ్ళు. టెక్కలిలోనో బొబ్బిలిలోనో క్లాసులో కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లకి ఆ పేరు ఎవరు పెట్టారు? గోల చేసే మగపిల్లాడినైనా డాక్టరుకి చూపిస్తారు గానీ ఊరికే పరాకుగా ఉండే పిల్లని ఎవరు చూపిస్తారు? మందులు వాడుతున్న గర్భిణికి "కడుపుతో ఉండి మాత్రలేటి, మానీ" అనేవాళ్ళు మాత్రం ఇంటికి నలుగురుంటారు. మానాలా, మోతాదు మార్చాలా అన్నది డాక్టరు తేల్చాలి, పేరంటానికి వచ్చినవాళ్ళు కాదు.

కమిటీ వారికి నా మనవి ఒకటే. సన్మానాలు చేసుకోండి, వద్దనను, చీరలు బాగున్నాయి. క్యాంపులో బీపీకో బల్ల, షుగరుకో బల్ల, కళ్ళకో బల్ల వేస్తారు కదా, వాటి పక్కన బాలింతలకి ఇంకోటి వెయ్యండి. నా చేతికిచ్చిన ఆ పది ప్రశ్నల కాగితం 1987 నుంచీ ఉంది, కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో పసిగట్టడానికి, ఎడిన్‌బరో స్కేల్ అంటారు, ఐదు నిమిషాల పని. తేడాగా ఉంటే పంపడానికి ఒక సైకియాట్రిస్టుతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. మనసు బాగోకపోతే మాట్లాడడానికి ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న టెలి మానస్ ఫోన్ నంబరు 14416 కూడా చీర పెట్టెలో చీటీ మీద రాసి పెట్టండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో ఉన్న మన ఆడపిల్లలకైతే అక్కడ తల్లుల మానసిక ఆరోగ్యానికి ఉన్న నంబరు 1-833-852-6262, రాత్రీ పగలూ పలుకుతారు.

ఒక్కటి మాత్రం, ఆ బల్ల హాలు మధ్యలో కాదు, తలుపున్న గదిలో వెయ్యాలి. అత్తగారిని, అమ్మని బయటే కూర్చోబెట్టి టీ ఇవ్వండి, లేకపోతే పది ప్రశ్నలకీ "దానికేటమ్మా, బాగానే ఉంది" అని వాళ్ళే జవాబు చెప్పేస్తారు.